ముక్కెత్తిన జెంట్రీ: ఒక పాత కిట్ కారు ముందు సస్పెన్షన్ కథ

బండి షెడ్డులోకి దొర్లుకుంటూ వస్తున్నప్పుడే సగం సంగతి కనబడింది. ముందు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నా పిడికిలి నిలువుగా పట్టేంత సందు ఉంది. వెనక మాత్రం ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. నీళ్లలో ముక్కు పైకెత్తుకుని పోయే మోటారు పడవ గుర్తొచ్చింది.

బండి పేరు ఆర్‌ఎంబీ జెంట్రీ. బ్రిటన్‌లో 1970లలో వచ్చిన కిట్ కారు, అంటే విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకునేది. పైకి 1950ల నాటి ఎంజీ టీఎఫ్ స్పోర్ట్స్ కారులా కనిపిస్తుంది, లోపలంతా ట్రయంఫ్ హెరాల్డే. ఆ రోజుల్లో ఇక్కడ తుప్పు పట్టిన హెరాల్డ్‌లకి కొదవ లేదు. హెరాల్డ్‌కి చాసీ వేరు, బాడీ వేరు. అందుకని పైనున్న తుప్పు రేకులు విప్పి పారేసి అదే చాసీ మీద కొత్త బాడీ కూర్చోబెట్టడం, ఇంటి దగ్గర కాస్త చోటూ ఓపికా ఉన్నవాళ్లు చేయగలిగిన పనే. ఈ బండినీ ఎవరో అలాగే కట్టారు. ఇప్పటి యజమాని రిటైరైన పెద్దమనిషి. నాలుగేళ్ల కిందట కొన్నారట.

నేను పని చేసేది కొవెంట్రీ దగ్గర. హెరాల్డ్‌కి పుట్టిల్లు ఇదే, కాన్లీలోని ట్రయంఫ్ ఫ్యాక్టరీలో తయారైంది. నాకు మాత్రం ఆ బండి పరిచయమైంది విజయవాడలో. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ అనే పేరుతో దీన్నే తయారుచేశారు. అవి ముసలివయ్యాక మా మేనమామ షెడ్డుకి వచ్చేవి. సెలవుల్లో నా పని వాటి పక్కన కూర్చుని పానాలు అందించడం. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

పెద్దాయన చెప్పిన ఇబ్బందులు మూడు. గంటకి 50 మైళ్లు దాటితే బండి తిన్నగా పోదు, ప్రతి క్షణం స్టీరింగ్ సవరించుకుంటూ ఉండాలి. గతుకు తగిలితే ఎడమకి గుంజుతుంది. స్టీరింగ్ మునుపటికన్నా బరువెక్కింది. చలికాలమంతా కూర్చుని ముందు సస్పెన్షన్ మొత్తం కొత్తది వేసుకున్నారు: స్ప్రింగు కూర్చునే సీటు ఎత్తు మార్చుకోగలిగే షాక్‌లు, వాటి మీద అంగుళానికి 330 పౌండ్ల స్ప్రింగులు (అంగుళం నలగాలంటే అంత బరువు పడాలి), కీళ్ల దగ్గర వేసే పాలీయూరిథేన్ బుష్షుల సెట్టు, స్టీరింగ్ రాక్‌కి (చక్రాల్ని అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీకి) రబ్బరు బదులు అల్యూమినియం పట్టీలు, కొత్త ట్రనియన్లు (చక్రం కింది కీలు దిమ్మలు), కొత్త పై బాల్ జాయింట్లు. పని శుభ్రంగా చేశారు, ప్రతి నట్టు మీదా పసుపు రంగు గీత కూడా పెట్టుకున్నారు. అన్నీ కొత్తవే, బండి మాత్రం పాతదానికన్నా అధ్వాన్నంగా నడుస్తోంది.

వెళ్లబోతూ ఇంకో మాటన్నారు. మొదట్లో గుంతల్లో ముందు నుంచి టక్కుటక్కుమని చప్పుడు వచ్చేదట, స్ప్రింగు సీటు కొంచెం పైకి తిప్పితే పోయిందట. ఆ మాట నోట్ చేసుకున్నాను. ఉన్న చప్పుడు కన్నా ఊరికే పోయిన చప్పుడుకే నేను ఎక్కువ భయపడతాను.

బరువు దగ్గర మొదలుపెట్టాను. నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పళ్లేలు పెట్టి చూస్తే మొత్తం 665 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 306. హెరాల్డ్ 1200 దాదాపు 800 కిలోలు ఉంటుంది. అంటే బాడీ మార్చడంతోనే ఈ బండి వందకి పైగా కిలోలు దించేసుకుంది. 330 పౌండ్ల స్ప్రింగు ఎవరికోసం? ముందు బరువైన ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్నవాళ్లకి, లేదంటే రేసు సర్క్యూట్ మీద ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తిప్పేవాళ్లకి. పార్టుల జాబితాలో దాని పక్కన ‘హెరాల్డ్, స్పిట్‌ఫైర్, విటెస్’ అని రాసి ఉంటుంది, అది నిజమే. బోల్టుల రంధ్రాలు సరిపోతాయి. బరువు సరిపోతుందని మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

స్ప్రింగు లెక్క చాలామంది ఒక మెట్టు దాటేసి చేస్తారు. హెరాల్డ్‌లో స్ప్రింగూ షాకూ కలిసి కింది విష్‌బోన్ (చాసీకీ చక్రానికీ మధ్య ఊగే చేయి) మీద, చక్రానికి కాస్త లోపలగా నిలబడతాయి. అందుకని చక్రం ఎంత లేస్తే స్ప్రింగు అంత నలగదు. ఎంత నలుగుతుందో పుస్తకంలో వెతక్కుండా బండి మీదే కొలిచాను. స్ప్రింగు తీసేసి, ఖాళీ షాకు బిగించి, జాకీతో చక్రాన్ని 50 మి.మీ. లేపితే షాకు 30 మి.మీ. మూసుకుంది. నిష్పత్తి 0.6. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం కావాలంటే దీన్ని దాంతోనే గుణించి వాడాలి, ఎందుకంటే తోపూ తగ్గుతుంది, దూరమూ తగ్గుతుంది. 0.36 అన్నమాట. 330 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గర 119 పౌండ్లు.

ఇక్కడ నేనో పొరపాటు చేశాను. ఖాళీ బండి తూకంతోనే లెక్క కట్టి, 180 పౌండ్ల స్ప్రింగులు తెప్పించాను. ఇంత తేలికైన బండిలో మనిషి కూడా ఒక పార్టే! పెద్దాయన 85 కిలోలు. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి మళ్లీ తూచితే ముందు 330 అయింది. అంటే ఒక్కో చక్రం మీద 165, అందులో చక్రం, హబ్, బ్రేకు లాంటి స్ప్రింగు కిందుండే బరువు 30 తీసేస్తే 135 కిలోలు. 180 వేసి నడిపి చూశాం. షాకు రాడ్‌కి చిన్న ప్లాస్టిక్ టై బిగించి పంపితే, వాళ్ల వీధి స్పీడు బ్రేకర్ల మీద అది పైదాకా జరిగి బంప్ స్టాపును (షాకు ప్రయాణాన్ని చివర ఆపే దిమ్మని) ముద్దాడి వచ్చింది. మళ్లీ 200 తెప్పించాను. ఆ 180 జత ఇప్పటికీ నా అటక మీదే ఉంది, డబ్బు నాదే.

200 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గర 72 పౌండ్లు. 135 కిలోల మీద అది సెకనుకి ఒకటిన్నర సార్లు ఊగుతుంది. 330 అయితే దాదాపు రెండు సార్లు. రెండు అంటే రేసు బండి లెక్క, ఊరి రోడ్డు మీద అది వెన్నుపూసకి పరీక్షే.

ఇప్పుడా చప్పుడు సంగతి. 135 కిలోల కింద 330 స్ప్రింగు 38 మి.మీ. మాత్రమే నలుగుతుంది. సీటు పైకి తిప్పినా కిందికి తిప్పినా ఆ 38 మారదు, బండి ఎత్తే మారుతుంది. సరైన ఎత్తులో ఈ షాకు ఇంకా 56 మి.మీ. తెరుచుకోగలదు. చక్రం గుంతలోకి దిగితే మొదటి 38 మి.మీ. స్ప్రింగు వెంట వస్తుంది, ఆ తర్వాత వదులై సీటు మీద నుంచి లేస్తుంది. చక్రం తిరిగి లేవగానే టక్కుమని కూర్చుంటుంది. పెద్దాయన విన్నది అదే. సీటు పైకి తిప్పుకుంటూ పోతే బండి లేచి, షాకు తెరుచుకోవడానికి మిగిలిన దూరం 38కి తగ్గింది, చప్పుడు ఆగింది. 18 మి.మీ. తిప్పారు, చక్రం దగ్గర అది 30 మి.మీ. అయింది. నేను షెడ్డు గుమ్మంలో పిడికిలి పెట్టి చూసిన సందు ఇదే. 200 స్ప్రింగు అయితే అదే బరువుకి 63 మి.మీ. నలుగుతుంది, పూర్తిగా తెరుచుకున్నా 7 మి.మీ. బిగువు మిగులుతుంది, వదలదు. గట్టి స్ప్రింగే వదులై చప్పుడు చేస్తుందంటే ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. బండిని స్టాండ్ల మీద వేలాడదీసి స్ప్రింగుని వేలితో తిప్పి చూపించాక ఒప్పుకున్నారు.

ఆ 30 మి.మీ. మిగతా రోగాలన్నిటినీ పిలుచుకొచ్చింది. బండి చక్రాల మధ్య దూరం 2,324 మి.మీ., ముక్కు 30 లేస్తే చాసీ మొత్తం వెనక్కి ముప్పావు డిగ్రీ వాలుతుంది. క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) అంత పెరుగుతుంది, స్టీరింగ్ అంత బరువెక్కుతుంది. విష్‌బోన్‌లు కిందికి వేలాడటంతో టైర్ల తలలు బయటికి వాలాయి. అన్నిటికన్నా ముఖ్యం టై రాడ్లు. అవి రాక్ నుంచి చక్రానికి ఏటవాలుగా దిగిపోయాయి. టై రాడ్డూ విష్‌బోన్‌లూ ఒకే తీరున ఊగినంతవరకే చక్రం లేచినా దిగినా తన దిక్కు మార్చుకోదు. ఏటవాలు పెరిగితే గతుకు గతుక్కీ చక్రం తనంతట తనే తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు, రోడ్డు కూడా పట్టుకుని ఉంటుంది!

దీన్ని కొలవడానికి మా దగ్గర ఖరీదైన యంత్రమేమీ లేదు. స్ప్రింగులు తీసేసి, చాసీని స్టాండ్ల మీద ఏ ఎత్తులో కావాలంటే ఆ ఎత్తులో పెట్టి, హబ్‌కి చదునైన పలక బిగించి, దాని ముందంచునా వెనకంచునా రెండు డయల్ గేజీలు ఆనించాను. జాకీతో చక్రాన్ని 5 మి.మీ. చొప్పున లేపుతూ రెండు గేజీల తేడా రాసుకోవడమే. ముక్కెత్తిన ఎత్తు దగ్గర మొదలుపెట్టి 25 మి.మీ. ఆడిస్తే కుడి చక్రం 2 మి.మీ. తిరిగింది, ఎడమది 3 దాటింది. అదే సరైన ఎత్తు నుంచి మొదలుపెడితే కుడిది 1 లోపే. ఎడమది మాత్రం 2 దగ్గర మొండికేసింది.

రెండు వైపులా ఒకే పార్టులు, మరి తేడా ఎందుకు? గంటసేపు ఎడమ టై రాడ్‌నే అనుమానించాను. కారణం రాక్ పట్టీ కింద దొరికింది. చాసీ మీది బ్రాకెట్టుకి పాత తుప్పు పొరలు, వాటి మీద పూసిన మందపాటి రంగు కలిసి పట్టీని ఎడమ వైపు 2 మి.మీ. ఎత్తి పెట్టాయి. రబ్బరు పట్టీలున్న రోజుల్లో రబ్బరు నలిగి ఆ తేడాని మింగేసేది, అల్యూమినియం మింగదు. ఇనుము కనబడేదాకా గీకి, పల్చగా ప్రైమరు వేసి బిగిస్తే ఎడమది కూడా 1 లోపుకి వచ్చింది.

ఎడమకి గుంజడానికి ఇంకో కారణం కూడా తగిలింది. స్ప్రింగు తీశాక ఎడమ కింది విష్‌బోన్‌ని చేత్తో లేపి వదిలితే ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. కుడిది దానంతట అది పడిపోయింది. పాలీ బుష్షు మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, బోల్టు బిగిస్తే ఆ గొట్టమే బ్రాకెట్టుకి ఆనాలి, బుష్షు దాని మీద స్వేచ్ఛగా తిరగాలి. ఇక్కడ గొట్టం కన్నా బుష్షు వెంట్రుకవాసి పొడుగు. బోల్టు బిగించగానే బుష్షు అంచులు బ్రాకెట్టుల మధ్య ఇరుక్కుపోయాయి. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి అంచుల్ని రుద్ది, గొట్టం పావు మి.మీ. బయటికి వచ్చేలా చేసి, ఆ బుష్షుతో వచ్చిన గ్రీజే పూసి బిగించాను. ఈసారి వదిలితే పడింది. ఫ్యాక్టరీ రబ్బరు బుష్షుల పద్ధతి వేరు. అవి గొట్టానికి అతికి ఉంటాయి, రబ్బరు మెలితిరగడమే వాటి కదలిక. వాటిని బండి నేల మీద నిలబడ్డ ఎత్తులోనే బిగించాలి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే త్వరగా చిరుగుతాయి. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక్కడితో ఆయన చెప్పిన ఇబ్బందులు మూడూ తీరాయి. బిల్లు రాసి పంపేయొచ్చు. కానీ ట్రనియన్ల దగ్గర నాకు చెయ్యి ఆగింది.

హెరాల్డ్ ముందు చక్రాన్ని మోసేది వర్టికల్ లింక్ అనే నిలువు ఉక్కు ముక్క. పైన బాల్ జాయింటు ఉంటుంది. కింద బాల్ జాయింటు ఉండదు. లింకు కొసన లావాటి మర కోసి ఉంటుంది, అది ట్రనియన్ అనే ఇత్తడి రంగు దిమ్మలోకి దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా లింకు ఆ మరలో కొంచెం ఎక్కి దిగుతుంది. ఒక పక్కది కుడి మర, రెండో పక్కది ఎడమ మర. బండి ముందు బరువంతా ఆ మరల మీదే. లోటస్ వాళ్లు ఎలాన్, యూరోపాలకి కూడా ట్రయంఫ్ జాతి లింకులే వాడారు, కాబట్టి దీన్ని చవకబారు ఏర్పాటు అనలేం. కానీ దానికి ఒక ఆహార నియమం ఉంది.

ఆ నియమం నాకు విజయవాడలోనే నోటికొచ్చింది. ఓసారి గ్రీజు గన్ను పట్టుకుని హెరాల్డ్ చక్రం దగ్గర కూర్చుంటే మామయ్య దూరం నుంచే కేకేశాడు: “ఒరేయ్, దానికి గ్రీజు కొట్టావంటే చక్రం ఊడి నీ ఒళ్లో పడుద్ది. నైంటీ ఆయిల్ తేరా!” 90 నంబరు గేర్ ఆయిల్. ఫ్యాక్టరీ పుస్తకంలో ఉన్నదీ అదే. గ్రీజు మర అడుగుదాకా చేరదు, చేరింది గట్టిపడి దారి మూసేస్తుంది. ఆ సందులో నీళ్లు నిలిచి మర తుప్పు పడుతుంది, తుప్పు గుంట దగ్గర పగులు మొదలవుతుంది. ఒకనాడు ఇంటి ముందు స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి నిలుపుతుండగా లింకు మర పైఅంచు దగ్గర విరిగి చక్రం బండి కిందికి మడతపడుతుంది. నిదానంగా పోతుండగా విరిగితే అదృష్టవంతులు.

పెద్దాయన ట్రనియన్లు కొత్తవి వేశారు, లింకులు పాతవే ఉంచారు. పైగా కొత్త ట్రనియన్‌కి గ్రీజు నిపుల్ కనబడింది కదా అని గ్రీజే ఎక్కించారు. నిపుల్ చూసి గ్రీజు కొట్టడం ఆయన తప్పనను. ఆకారమే అలా చెబుతుంది.

విప్పడమే ఒక రోజు పట్టింది. ట్రనియన్ బోల్టు లోపలి గొట్టంలో అప్పుడే పట్టేయడం మొదలుపెట్టింది. కొట్టి లాగడానికి చూడకుండా విష్‌బోన్‌కీ ట్రనియన్‌కీ మధ్య సందులో రంపం పెట్టి రెండు వైపులా కోసేశాను. బోల్టుదేముంది, కొత్తది వస్తుంది. లింకుల మర నుంచి గ్రీజు కడిగేసి, వైరు బ్రష్ కొట్టి, పగుళ్లు చూపే ఎర్ర రంగు చల్లాను. పావుగంట ఆగి తుడిచి, పైన తెల్ల పొడి స్ప్రే చేశాను. కుడి లింకు తెల్లగానే ఉంది, మర లోతుల్లో తుప్పు గుంటలు మాత్రం సూదిమొనల్లా కనిపించాయి. ఎడమ లింకు మీద చూస్తుండగానే ఒక ఎర్ర గీత బయటపడింది. పైనుంచి మొదటి మర లోయలో, ఎవరో పెన్నుతో గీసినట్టు, చుట్టులో మూడో వంతు దాకా సాగింది. పెద్దాయనకి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చి, కళ్లజోడు సర్దుకుని చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పోయిన ఆదివారం మనవరాలిని ఎక్కించుకుని తిప్పానని మెల్లగా అన్నారు.

ట్రనియన్ బెడదే లేకుండా కింద కూడా బాల్ జాయింటు ఉండే కిట్లు దొరుకుతాయి. ఆయన వెంటనే అదే వేయమన్నారు. నేను వద్దన్నాను. ఏడాదికి వెయ్యి మైళ్లు తిరిగే బండి ఇది, కొత్త లింకులూ ట్రనియన్లూ వేసి నియమంగా నూనె పోస్తే చాలా ఏళ్లు నడుస్తాయి. రెండో కారణం, కింది పివట్ మారితే ఇప్పుడే కొలిచి సరిచేసిన లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. సర్క్యూట్ మీద తిప్పే బండి అయితే నా సలహా వేరుగా ఉండేది.

కొత్త లింకుని ట్రనియన్‌లోకి అడుగంటేదాకా తిప్పి, తర్వాత కొంచెం వెనక్కి వదిలాను. ఒక చుట్టు లోపే వదలాలి. వదలకపోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మర అడుగుకి తగులుతుంది, ఆ పీడనకి లింకో ట్రనియనో దెబ్బతింటుంది. రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసుకున్నాకే మిగతా పని. హబ్ బేరింగులు, బ్రేకులు మామూలే.

క్యాంబర్ (ముందు నుంచి చూస్తే కనిపించే చక్రం వాలు) సర్దుబాటు హెరాల్డ్‌లో కింది విష్‌బోన్ బ్రాకెట్టుకీ చాసీకీ మధ్య పెట్టే పల్చటి షిమ్‌లతో. షిమ్ పెడితే చక్రం కింది భాగం బయటికి జరిగి తల లోపలికి వాలుతుంది. ముందు బ్రాకెట్టుకీ వెనక బ్రాకెట్టుకీ షిమ్‌ల లెక్క తేడాగా పెడితే క్యాస్టర్ మారుతుంది. సీట్లో 85 కిలోల ఇసుక బస్తాలు పెట్టి, బండిని రెండడుగులు ముందుకీ వెనక్కీ తోసి నిలకడగా కూర్చున్నాక కొలిచాను. క్యాంబర్ అర డిగ్రీ లోపలికి, క్యాస్టర్ రెండు వైపులా 4 డిగ్రీలు, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగిన కొలత) లోపలికి ఒక మి.మీ. వరస ముఖ్యం: ముందు ఎత్తు, తర్వాత క్యాంబర్, క్యాస్టర్, ఆఖరికి టో. పెద్దాయన మా దగ్గరికి రాకముందు ఒక చోట డబ్బు పోసి అలైన్‌మెంట్ చేయించారు. వాళ్లు 30 మి.మీ. ఎత్తులో నిలబడ్డ బండికి టో సరిచేసి పంపారు. ఆ ఎత్తుకి అది సరిగ్గానే ఉంది కూడా.

టెస్టు డ్రైవుకి నేను పక్క సీట్లో కూర్చున్నాను. 60 మైళ్ల దగ్గర ఆయన స్టీరింగ్ మీద వేళ్లు వదులు చేసి నా వైపు చూశారు. రోడ్డు చూడండి సార్ అన్నాను. ప్లాస్టిక్ టై బంప్ స్టాపుకి 12 మి.మీ. కింద ఆగింది.

మూడు నెలల తర్వాత ఫోన్ వచ్చింది. నూనె పోసే గన్నుతో నెలనెలా 90 ఆయిల్ ఎక్కిస్తున్నారట, కానీ రెండు చక్రాల లోపలి పక్కన నేల మీద నూనె చుక్కలు పడుతున్నాయట, సీలు పోయిందా అని అడిగారు. పైన రబ్బరు సీలు దగ్గర కొంచెం ఊరుతుందని, అది మామూలేనని చెప్పాను. ఇప్పుడు గ్యారేజీలో చక్రాల కింద రెండు పాత బేకింగ్ ట్రేలు పెట్టుకున్నారు. వాటి గురించి ఇంట్లో ఆవిడకి ఇంకా తెలియదట.